వెళ్ళనివ్వడం, వెళ్ళడానికి అనుమతించడం

అనంతపురం

చిరంజీవి అమ్మాయికి నాన్న దీవెనలు.

మొన్న ఫోనులో నువ్వు అడిగిన సంగతి రెండు మాటల్లో తేలేది కాదు, అందుకే ఈ ఉత్తరం. 'లెట్ మీ టు ఎక్స్‌ప్లెయిన్' అని నువ్వు మెయిల్‌లో రాస్తే మీ పై అధికారి ఆ 'టు' కొట్టేశారన్నావు. కొట్టేయడం సబబే. ఎందుకో కూడా చెప్పి ఉంటే ఆయన సొమ్మేం పోయేది కాదు.

తెలుగులోంచి చూడు పాపా. 'వెళ్ళనివ్వు' అంటాం, 'వెళ్ళడానికి అనుమతించు' అనీ అంటాం. మొదటిదానిలో 'ఇవ్వు' నేరుగా క్రియకు అతుక్కుంటుంది, మధ్యలో ఏదీ దూరదు. రెండోదానికి ఆ 'డానికి' లేకపోతే కుదరదు. ఇంగ్లీషులో దాని పని చేసేది 'టు'. 'లెట్' అంటే వెళ్ళనివ్వడం, 'అలౌ' అంటే వెళ్ళడానికి అనుమతించడం అని గుర్తుపెట్టుకుంటే 'టు' ఎక్కడ కావాలో నీ చెవే చెబుతుంది. వాడుకలో తేడా కూడా అలాంటిదే. ఇంట్లో ఎవరైనా 'అనుమతించు' అంటారా? 'పర్మిట్' ఇంకో మెట్టు పైన, నోటీసుల్లో కూర్చునే మాట.

అనుమతి ఇచ్చేవాళ్ళు, పుచ్చుకునేవాళ్ళు లేనిచోట కూడా 'లెట్' వస్తుంది. మీ అమ్మ సంగటి చేసేటప్పుడు బియ్యం మెత్తబడ్డాక రాగిపిండి పోసి, వెంటనే కలపకుండా మూతపెట్టి కాసేపు ఉడకనిస్తుంది. ఆ తర్వాతే తెడ్డు పట్టుకుంటుంది. పిండికి అనుమతి ఏమిటి? మనం చెయ్యి పెట్టకుండా ఉండడమే. ఇంగ్లీషు వంట పుస్తకాల్లో కనిపించే 'లెట్' ఇదే. బడిలో లెక్కలు చెప్పినన్నాళ్ళూ నేను బోర్డు మీద రాసిన 'ఎక్స్ ఒక వాస్తవ సంఖ్య అనుకొనుము' కూడా ఇంగ్లీషు మీడియం పిల్లలకు 'లెట్'తోనే మొదలవుతుంది. అన్నట్టు, మన పైవాటాకు టులెట్ బోర్డు కట్టాను. అక్కడ 'లెట్' అంటే అద్దెకివ్వడం, అది బ్రిటిష్ వాళ్ళ వాడుక.

ఇంగ్లీషువాళ్ళకు మనం, మేము అనే తేడా లేదు, రెంటికీ ఒకటే మాట. ఈ క్రియ దగ్గర మాత్రం ఆ తేడా కాస్త తొంగిచూస్తుంది. కుదించి 'లెట్స్ గో' అంటే మనం వెళ్దాం. విడదీసి 'లెట్ అస్ గో' అని ఎదుటివారితో అంటే, మమ్మల్ని వెళ్ళనివ్వండి అని అడిగినట్టు కావచ్చు. అందుకే తోటివాళ్ళను భోజనానికి పిలిచేటప్పుడు కుదించిన మాటే వాడు.

మన ఊరి స్పోర్ట్స్ విలేజ్‌లో 2010లో నాదల్ ఫౌండేషన్ టెన్నిస్ బడి పెట్టింది కదా, అక్కడ వినిపించే 'లెట్' వేరే మాట. సర్వీసు బంతి వలను తాకి సరైన గడిలోనే పడితే 'లెట్' అని మళ్ళీ కొట్టిస్తారు. పాత ఇంగ్లీషులో రెండు వేర్వేరు క్రియలుండేవి. ఒకటి పోనివ్వడం, రెండోది అడ్డుకోవడం. కాలక్రమంలో రెండూ ఒకే రూపానికి వచ్చేశాయి. అడ్డుకునేది వాడుకలో దాదాపు పోయి, ఆటలోనూ చట్టపు భాషలోనూ మిగిలింది. నీ పాస్‌పోర్టు తీసి, లోపల రాష్ట్రపతి పేరిట ఉన్న వాక్యం చదువు. దీన్ని పట్టుకున్న వ్యక్తిని స్వేచ్ఛగా వెళ్ళనివ్వండి అనడానికి 'అలౌ' వాడారు. ఆ వెంటనే 'లెట్' వస్తుంది, అక్కడ దాని అర్థం ఆటంకం! నాకైతే ఇంత సరదా వాక్యం ఇంకో సర్కారు కాగితంలో కనబడలేదు.

ఇక నువ్వు ఒళ్ళు దగ్గర పెట్టుకోవలసిన చోటు ఒకటుంది. 'నిన్న నన్ను పెందలాడే వెళ్ళనిచ్చారు' అని చెప్పాలనుకుని 'ఐ వాజ్ లెట్ గో' అని రాశావనుకో, ఉద్యోగంలోంచి తీసేశారని అర్థం చేసుకుంటారు. అక్కడ 'అలౌడ్' రాసి పక్కన 'టు' పెట్టు. గతం చెప్పేటప్పుడు 'లెట్' రూపం మారదు, చివర ఏమీ తగిలించకు. మెయిల్ చివర అందరూ రాసే 'లెట్ మీ నో' తప్పేమీ కాదు గానీ, పెద్దవాళ్ళకు రాసేటప్పుడు ముందు 'ప్లీజ్' చేర్చు. లేకపోతే పురమాయించినట్టు ఉంటుంది.

వేరుశనగ పొడి అయిపోయిందా అని మీ అమ్మ అడగమంది. ఫోను చేసి చెప్పు, బెంగళూరు వచ్చేవాళ్ళతో పంపిస్తాం.

ఆశీస్సులతో,
నాన్న