గోధుమ నాచు పట్టిందంటే ట్యాంక్ రెడీ అయినట్టు కాదు

మా దగ్గర కొత్తగా ఉప్పునీటి చేపల ట్యాంక్ తీసుకున్న అందరికీ నమస్కారం.

ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. "అద్దానికి గోధుమ రంగు నాచు పట్టిందా? అయితే ఇక చేపను వేసుకోవచ్చు" అని ఇన్నాళ్లూ మీలో చాలామందికి చెప్పాను. ఆ మాట నమ్మి పోయిన నెల ఒకాయన రెండు క్లౌన్‌ఫిష్‌లు తీసుకెళ్లారు. మూడో రోజు ఫోన్ వస్తే వెళ్లి చూశాను. ఇసుక మీద తుప్పు పొడి చల్లినట్టు నాచు దట్టంగా ఉంది. చేపలు రెండూ పైకి చేరి, మొప్పలు గబగబా ఆడిస్తున్నాయి. టెస్ట్ ట్యూబ్‌లో పసుపు రంగులో ఉండాల్సిన నీళ్లు ఆకుపచ్చగా మారాయి. అంటే నీళ్లలో చేపలకు విషమైన అమ్మోనియా ఉంది. వెంటనే నీళ్లు మార్చినా ఒక చేపే దక్కింది. ఆ తప్పు ఆయనది కాదు, నాది.

ఆ గోధుమ పొర డయాటమ్‌లది, అంటే కంటికి కనిపించనంత చిన్న నాచు జీవులది. వాటికి కావలసింది వెలుతురు, కాస్త పోషకాలు, పెంకు కట్టుకోవడానికి సిలికేట్. కుళాయి నీళ్లలో అది ఉండొచ్చు, కొత్త ఇసుక నుంచీ రావొచ్చు. చేప వదిలే అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా సంగతి వేరు. అది రాళ్ల మీద, ఇసుకలో నిదానంగా పెరుగుతుంది, సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నాచును చూసి ఆ బ్యాక్టీరియా ఎంతవరకు వచ్చిందో చెప్పలేం.

అందుకే ఇకనుంచి టెస్ట్ చూడకుండా మొదటి చేపను ఇవ్వం. బ్యాక్టీరియా సరిపడా పెరిగిందో లేదో తెలియడానికి, చేపలు లేని ట్యాంక్‌లో 2 పీపీఎం (లీటరుకు సుమారు 2 మిల్లీగ్రాములు) వరకు అమ్మోనియా కలపండి. 24 గంటల తర్వాత ఒక సీసాలో నీళ్లు పట్టుకురండి, మీ ఎదురుగానే టెస్ట్ చేస్తాం. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా రావాలి. ఒక్కటి రాకపోయినా ఇంకొన్నాళ్లు ఆగాలి. పేరుకున్న నైట్రేట్ తగ్గడానికి నీళ్లు కొంత మార్చాకే చేపను తీసుకెళ్లండి. ఈలోగా మీరు ఎంచుకున్న చేప మీ పేరు మీద మా దగ్గరే ఉంటుంది, దాని తిండీ ఆరోగ్యం మేం చూసుకుంటాం.

నాచును చూసి టెన్షన్ పడి ట్యాంక్ మొత్తం కడిగేసిన వాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయొద్దు. రాళ్లను కుళాయి నీళ్లతో రుద్దితే ఇన్ని వారాలుగా పెరిగిన బ్యాక్టీరియా చాలావరకు పోతుంది. అద్దం తుడవండి, లైటు రోజుకు ఆరేడు గంటలకు మించకుండా చూడండి, ఆవిరైన నీటికి బదులు ఆర్‌ఓ డీఐ నీళ్లే (సిలికేట్ లాంటివి వడకట్టి తీసేసిన శుద్ధమైన నీళ్లు) పోయండి. సిలికేట్ అయిపోయాక గోధుమ పొర దానంతట అదే పలచబడుతుంది. ఆ తర్వాత పచ్చ నాచు మొదలైతే దాన్ని తినడానికి రెండు మూడు నత్తలు చాలు. ఒకేసారి పది వేస్తే తిండి చాలక చచ్చిపోయి, అవే అమ్మోనియా పెంచుతాయి.

అమ్మోనియా వదిలి బ్యాక్టీరియాను పెంచుతుందని, ట్యాంక్ సిద్ధం చేయడానికి డామ్సెల్ అనే గట్టి చేపను ముందుగా వేయమని కూడా ఇక చెప్పం. అమ్మోనియాలో దాన్ని బాధపెట్టడం నాకు ఇష్టం లేదు. పైగా అది బతికి బట్టకట్టినా, తర్వాత వచ్చే చేపలను తరిమి తరిమి కొడుతుంది. మొదటి చేపగా నా సలహా మాత్రం ఇప్పటికీ ఆసెలారిస్ క్లౌన్‌ఫిషే, అదీ సముద్రంలో పట్టింది కాకుండా ట్యాంకుల్లో పుట్టి పెరిగినది. వేసిన మొదటి వారం మేత చాలా తక్కువ పెట్టండి, రోజు విడిచి రోజు అమ్మోనియా చూడండి.

దక్కిన ఆ ఒక్క చేప ఇప్పుడు మా ట్యాంక్‌లో ఉంది. నిన్నటి నుంచి మేత తింటోంది. ఆయన తెచ్చిన నీళ్లలో ఈ వారం అమ్మోనియా సున్నా, నైట్రైట్ మాత్రం ఇంకా కనిపిస్తోంది. అదీ సున్నాకి వచ్చాకే చేపను ఆయన ఇంటికి పంపుతాను.