నా చేతిరాతతో వెళ్లిన తొమ్మిది తప్పు చీటీలు

మా దగ్గర పాత వెండి డాలర్లు కొనే అందరికీ నమస్కారం.

ముందు అసలు విషయం చెప్పేస్తాను. ఈ ఫిబ్రవరి, మార్చి నెలల్లో నేను అమ్మిన 1878 మోర్గన్ డాలర్లలో తొమ్మిదింటి మీద చీటీ తప్పు. చీటీ మీద ‘8 మీద 7 ఈకలు’ అని ఉంది, అంటే గద్ద తోకలో 8 ఈకల అచ్చు మీద 7 ఈకలు ఒత్తిన రకం. కవర్లో ఉన్నది మామూలు 7 ఈకల నాణెం. వెండి అసలుదే, నాణెమూ అసలుదే. అన్నీ తూకం వేసే అమ్మాను, అరుగుదల పోను 26.73 గ్రాములకు దగ్గరగానే ఉన్నాయి. తప్పంతా వెరైటీ, అంటే అచ్చు రకం దగ్గర జరిగింది. కానీ మీరు ఒక్కో నాణేనికి 25 నుంచి 90 డాలర్ల దాకా ఎక్కువ పెట్టింది ఆ వెరైటీ కోసమే. కాబట్టి నాణెం అసలుదే కదా అని నేను తప్పించుకోలేను.

తొమ్మిది మందిలో ఏడుగురికి ఫోన్ చేసి మాట్లాడాను. మిగతా ఇద్దరూ మార్చి కాయిన్ షోలో మా టేబుల్ దగ్గర నగదు ఇచ్చి కొన్నారు. వాళ్ల పేర్లు, నంబర్లు నా దగ్గర లేవు. అందుకే అందరికీ రాస్తున్నాను. ఇంగ్లీషులో ఒక ఉత్తరం ఇప్పటికే పంపాను. అది చాలదనిపించింది. మొదటి రోజుల్లో న్యూజెర్సీ ఎడిసన్‌లో మా గ్యారేజీకి వచ్చి, కుర్చీలు చాలక నిలబడే నాణేలు చూసుకున్నవాళ్లు మీరు. మీకు సొంత భాషలో జరిగింది జరిగినట్టు చెప్పాలి.

ఈ పొరపాటు నేను కనిపెట్టలేదు. ఏప్రిల్ మొదటి వారంలో మన కస్టమర్లలో ఒక పెద్దాయన ఫోన్ చేశారు. ఆరేళ్లుగా నా దగ్గరే కొంటున్నారు. ‘‘బాబూ, నువ్వు పంపిన 1878లో కింది ఈకల కొనలు నాకు కనబడటం లేదు. నా కళ్లే మందగించాయేమో అని కొత్త లూప్, అదే భూతద్దం, తెప్పించాను. దాంతో రెండు రోజులు చూశాను. ఎక్కడ చూడాలో కాస్త చెబుతావా?’’ అన్నారు. నా చీటీ తప్పయి ఉండొచ్చన్న అనుమానమే ఆయనకు రాలేదు. కళ్లనే అనుమానించుకున్నారు. ‘‘సాయంత్రం చెబుతానండీ’’ అని ఫోన్ పెట్టేశాను. ట్రేలో మిగిలిన నాణేలు బయటికి తీసి చూస్తే నా చేతులు వణికాయి.

ఈ వెరైటీ ఏమిటో కొత్తగా చేరినవాళ్ల కోసం చెబుతాను, మీ నాణెం మీరే చూసుకోవడానికి కూడా పనికొస్తుంది. 1878 ఫిబ్రవరి 28న అమెరికా కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. ట్రెజరీ నెలకు కనీసం 20 లక్షల డాలర్ల విలువైన వెండి కొని నాణేలు కొట్టించాలన్నది దాని సారాంశం. ఫిలడెల్ఫియా మింట్ (టంకశాల) హడావిడిగా మార్చి 11న కొత్త డాలర్లు కొట్టడం మొదలుపెట్టింది. ఇంగ్లండు నుంచి వచ్చిన జార్జ్ మోర్గన్ చెక్కిన ఆ గద్దకు తోకలో 8 ఈకలు. అంతకు ముందు నాణేల మీద గద్ద తోకకు బేసి సంఖ్యలోనే ఈకలు ఉండేవని విమర్శలు వచ్చాయి. సరే, 7 ఈకలతో కొత్త హబ్ (డైలను ఒత్తే మూల అచ్చు) తయారు చేశారు. కానీ 8 ఈకలతో డైలు (నాణేలు కొట్టే అచ్చులు) అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. వాటిని పారేయకుండా కొన్నిటి మీద కొత్త హబ్‌ను మళ్లీ ఒత్తారు. దాంతో పైన 7 ఈకలు, వాటి కింద పాత ఈకల కొనలు మిగిలిపోయాయి. కొన్ని డైలలో మూడు కొనలే కనబడతాయి, కొన్నిటిలో ఏడూ కనబడతాయి. ఏ డైలో ఎన్ని, ఎక్కడ అన్నది లెక్కగట్టి నంబర్లు ఇచ్చింది వాన్ అలెన్, మాలిస్ అనే ఇద్దరు. మనం రోజూ ‘వ్యామ్ నంబర్’ అంటున్నది వాళ్ల పేర్లలోని అక్షరాలతో వచ్చిందే.

ఇప్పుడు మీ నాణెం తీయండి. అంచులు పట్టుకోండి, ముఖం మీద వేలు పెట్టొద్దు. గద్ద ఉన్న వైపు తిప్పి, ముందు తోక జోలికి వెళ్లకుండా గోళ్లలో ఉన్న బాణాలు చూడండి. బాణాల చివర ఈకల్లో అన్నిటికంటే పైనున్నది కింది వాటికి సమాంతరంగా ఉందా, ఏటవాలుగా ఉందా? ఏటవాలుగా ఉండి, గద్ద రొమ్ము ఉబ్బెత్తుగా ఉంటే అది 1878లోనే తరవాత వచ్చిన మూడో రకం డిజైను. అది ‘8 మీద 7’ అయ్యే అవకాశమే లేదు. సమాంతరంగా ఉంటే అప్పుడు తోక దగ్గరికి వెళ్లండి. దీపం పక్క నుంచి పడేలా పెట్టి 10 రెట్ల లూప్‌తో ఈకల చివర కింద చూడండి. అసలు వెరైటీలో చిన్న కొన గుండ్రంగా, దానికంటూ ఒక ఎత్తుతో బయటికి పొడుచుకొచ్చినట్టు ఉంటుంది. అలా కాకుండా ఈక అంచు మెట్టు కట్టినట్టు పలచగా, చదునుగా జరిగి ఉంటే అది డైలో ఉన్నది కాదు. నాణెం కొట్టేటప్పుడు డై కదలడం వల్ల పడ్డ గీత. దానికి విలువ పెరగదు.

నా దగ్గరికి వచ్చిన లాట్‌లో 26 నాణేలు, అన్నిటి మీదా ‘8 మీద 7’ అనే ఉంది. ఇప్పుడు కూర్చుని చూస్తే 15 సరైనవి. మిగిలిన 11లో ఐదింటికి కింద ఏమీ లేదు. రెండింటికి ఆ మెట్టు గీత ఉంది. నాలుగింటికి బాణం ఈక ఏటవాలుగానే ఉంది. ఈ నాలుగే నన్ను నిద్రపోనివ్వలేదు. లూప్ కూడా అక్కర్లేదు, మంచి వెలుతురులో మామూలు కంటికి దొరికే తేడా అది. ఈ 11లో రెండు ట్రేలోనే ఉన్నాయి, తొమ్మిది మీకు వచ్చాయి.

ఇలా ఎలా జరిగిందని అడుగుతారు. మా నాన్నగారు ప్రొద్దుటూరులో వెండి వ్యాపారం చేసేవారు. ఎంత నమ్మకస్తుడు తెచ్చినా సరే, సరుకు గీటురాయి మీద తాను గీసి చూసుకోకుండా పెట్టెలో పెట్టేవారు కాదు. నేను ఈ వ్యాపారం పెట్టిన తొమ్మిదేళ్లలో అదే పద్ధతి పాటించాను. ఎవరు ఏ నంబర్ రాసి పంపినా పక్కన పెట్టి, నాణెం నేను చూసి, నా చేత్తో పసుపు చీటీ మీద ఆకుపచ్చ సిరాతో రాస్తాను. ఫిబ్రవరిలో అమ్మకు బాగాలేక ఊరెళ్లి మూడు వారాలు ఉన్నాను. తిరిగొచ్చిన మర్నాడే ఈ లాట్ వచ్చింది. ఆర్డర్లు పేరుకుపోయి ఉన్నాయి, షో దగ్గర పడింది. ఆరేళ్ల సప్లయర్ కదా అని అతని కవర్ల మీద ఉన్నదే నా చీటీలోకి ఎక్కించాను. నా సిరాతో, నా అక్షరాలతో. మీరు నమ్మింది ఆ అక్షరాల్నే.

సప్లయర్ సంగతి కూడా చెప్పాలి. అతని పేరు రాయను. ఫోన్ చేసి, ఏటవాలు ఈక ఉన్న నాలుగు నాణేల ఫొటోలు పంపి, ‘‘ఇవెలా 8 మీద 7 అవుతాయి?’’ అని అడిగాను. ‘‘అవి వీక్ వెరైటీలు, ఒక్కొక్కరి కంటికి ఒక్కోలా కనబడతాయి’’ అన్నాడు. వీక్ అంటే కొనలు తక్కువ కనబడటం. అసలా డిజైనే కాని నాణెం వీక్ ఎలా అవుతుంది? అదే మాట అడిగితే, ‘‘15 రోజుల్లో వాపసు చేయాల్సింది, గడువు దాటిపోయింది’’ అన్నాడు. నేను గడువు గురించి ఒక్క మాటా అడగలేదు. రెండు రోజులకు మళ్లీ ఫోన్ చేసి, ఈ నష్టంలో సగం మొత్తాన్ని ఇకముందు కొనే సరుకు ధరలో తగ్గిస్తానన్నాడు. వద్దన్నాను. మా ఆవిడ కూడా ‘‘ఆ సగమైనా తీసుకుంటే నష్టం తగ్గేది కదా’’ అంది. నిజమే, తగ్గేది. కానీ అది తీసుకుంటే మళ్లీ అతని దగ్గరే కొనాలి. ఆరేళ్లలో ఒక్కసారి కూడా అతనికి చెక్కు ఆలస్యం చేయలేదు నేను. ‘‘చూడకుండా రాశాను, తప్పయింది’’ అని ఒక్క మాట అని ఉంటే ఆ డబ్బు నేనే భరించి ఊరుకునేవాణ్ని. ఆ మాట రాలేదు. అతనితో లావాదేవీ అయిపోయింది.

ఇక నన్ను అన్నిటికంటే ఎక్కువ నలిపేసిన విషయం. మీలో ముగ్గురు నలుగురు మంచి మనసుతోనే ఒక సలహా ఇచ్చారు. ఇకనుంచి ప్రతి నాణెం, నాణేలు పరీక్షించే గ్రేడింగ్ కంపెనీకి పంపి, వెరైటీ నంబర్‌తో స్లాబ్‌లో, అంటే సీలు వేసిన ప్లాస్టిక్ పెట్టెలో పెట్టించి అమ్మమని. అప్పుడు తప్పు జరిగినా బాధ్యత వాళ్లదే, నాకు టెన్షన్ ఉండదని. దాదాపు రెండు వారాలు ఆలోచించాను. ఒక రోజు సరేననుకుని ఫారాలు కూడా నింపాను. మర్నాడు చింపేశాను.

ఎందుకంటే, మనం చేతులు మారుస్తున్నవాటిలో ఎక్కువ భాగం వాడకంలో అరిగిన నాణేలు. గ్రేడింగ్, వెరైటీ ఫీజులు, రానూపోనూ ఇన్సూరెన్స్ కలిపితే చాలావాటికి వెరైటీ వల్ల పెరిగే ధర కంటే ఖర్చే ఎక్కువవుతుంది. అది కూడా మీ మీదే పడుతుంది. ఇంకో కారణం ఉంది. ఫిలడెల్ఫియా 1921 మోర్గన్ డాలర్లలో కొన్నిటికి అంచు గాళ్లు మామూలుగా ఉండే 189కి బదులు 157 ఉంటాయి. కిందటి దసరాకు మా ఇంట్లో ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి పెన్సిల్ మొనతో ఒక్కో గాడీ లెక్కపెట్టి 157 అని కేక వేసింది. స్లాబ్‌లో ఉన్న నాణేనికి ఆ పిల్ల అంచు అలా లెక్కపెట్టగలదా? 1888 న్యూ ఆర్లీన్స్ డాలర్ మీద రెండు పెదవులు, రెండు ముక్కులు పడిన డై ఒకటుంది. దాన్ని మీలో చాలామంది నా చీటీ చదవకముందే చేతిలో తిప్పి గుర్తుపట్టారు. అలా నేర్చుకున్నవాళ్లకు ప్లాస్టిక్ పెట్టెలు అమ్మడానికి నేను ఈ పని మొదలుపెట్టలేదు. మొండితనం అనుకున్నా పర్వాలేదు. చీటీ నేనే రాస్తాను. తప్పయితే నా పేరు మీదే ఉంటుంది, డబ్బు నేనే ఇస్తాను. మీలో ఎవరైనా ఫలానా నాణెం స్లాబ్‌లోనే కావాలంటే, అసలు ఖర్చుకే పంపించి ఇస్తాను.

పద్ధతి మాత్రం మారుతోంది. ఇకనుంచి ప్రతి నాణెం రెండు వేర్వేరు రోజుల్లో చూస్తాను. రెండోసారి చూసేటప్పుడు మొదటి చీటీ నా ముందు ఉండదు. రెండూ కలిస్తేనే అమ్మకానికి వస్తుంది. ఏ గుర్తు చూసి ఆ నంబర్ ఇచ్చానో ఆ ఫొటో కూడా నాణెంతో పాటు వస్తుంది. సప్లయర్ల కవర్లు ఇంట్లోకి రాగానే విప్పి పక్కన పెట్టే పని మా అబ్బాయికి అప్పజెప్పాను. నంబర్ నా కంట పడకుండా నాణెం నా చేతికి రావాలి.

స్టాక్‌లో వెరైటీ చీటీ ఉన్న 340 నాణేలూ మళ్లీ చూస్తున్నాను. అది పూర్తయ్యేదాకా వాటి అమ్మకం ఆపేశాను. ఇప్పటికి 1900 న్యూ ఆర్లీన్స్ ‘సీసీ మీద ఓ’ నాణేలన్నీ చూశాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. సీసీ అన్నది కార్సన్ సిటీ మింట్ గుర్తు, ఓ అన్నది న్యూ ఆర్లీన్స్‌ది. కార్సన్ సిటీలో నాణేలు కొట్టడం 1893లో ఆగిపోయాక మిగిలిన డైల మీద ఓ అక్షరం కొట్టి న్యూ ఆర్లీన్స్‌కు పంపారు, వాటితో కొట్టినవే ఈ నాణేలు. ఓ పక్కన సీ వంపులు ప్రతిదానికీ కనబడ్డాయి. 1896, 1900, 1902 చిన్న ఓ నాణేల గురించి కొందరు కంగారుగా అడిగారు. అవి మింట్‌లో కొట్టినవి కావని, పాతకాలపు దొంగ నాణేలని 2005లోనే తేలింది. నేనెప్పుడూ వాటిని అసలైనవిగా అమ్మలేదు. 1899 నాణెం మాత్రం చిన్న ఓతో మింట్ నుంచి నిజంగానే వచ్చింది.

షోలో కొన్న ఆ ఇద్దరికీ ఒక మాట. పసుపు చీటీ, ఆకుపచ్చ సిరా, 1878, ‘8 మీద 7’. మీ దగ్గర అలాంటిది ఉంటే పైన చెప్పినట్టు చూసుకోండి. తేడా అనిపిస్తే నాణెం తెచ్చినా సరే, ఫొటో పంపినా సరే. కట్టిన మొత్తం వెనక్కి కావాలంటే ఇస్తాను. లేదా ఆ 15 సరైన నాణేలలో ఇంకా ఆరున్నాయి, మీకు నచ్చినది ఇస్తాను. రసీదు అడగను, గడువు పెట్టను. మీరు కాక ఇంకెవరికైనా బహుమతిగా ఇచ్చి ఉంటే, వాళ్లకు ఎలా చెప్పాలో మీరే నిర్ణయించండి. సరైన నాణెం మాత్రం నేను సిద్ధంగా ఉంచుతాను.

ఆ పెద్దాయనకు అదే రోజు సాయంత్రం ఫోన్ చేశాను. ‘‘మీ కళ్లు బాగానే ఉన్నాయండీ, తప్పు నాది’’ అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తరవాత, ‘‘అమ్మకెలా ఉంది?’’ అని అడిగారు. కింద ఐదు కొనలు స్పష్టంగా కనబడే నాణెం ఒకటి ఎంచి మర్నాడే పంపాను. దాంతో పాటు, ఆయన కొత్త లూప్‌కు అయిన డబ్బుకు ఒక చెక్కు పెట్టాను. నాణెం అందిందని చెప్పారు. చెక్కు ఇంకా బ్యాంకులో వేయలేదు.