చేపలు ఈదినా కరెంటు కాలుతూనే ఉంటుంది

సంపాదకుల వారికి,

తెర మీద చేపలు ఈదుతుంటే కంప్యూటర్ నిద్రపోయిందనుకుని సీట్లోంచి లేచి వెళ్లేవాళ్లు ఇంకా చాలామందే ఉన్నారు. ఆ చేపలు స్క్రీన్ సేవర్, అంటే కంప్యూటర్‌ను ఎవరూ ముట్టనప్పుడు తెర మీద ఆడే బొమ్మ. అది వచ్చింది పాతకాలపు గాజు గొట్టం మానిటర్ల కోసం. ఒకే బొమ్మ గంటల తరబడి నిలిచిపోతే వాటి తెర మీద చెరగని మచ్చ పడేది. ఇప్పటి ఎల్‌సీడీలో బొమ్మ కదిలినా కదలకపోయినా వెనకున్న లైటు వెలుగుతూనే ఉంటుంది. పైగా ఆ చేపల్ని గీయడం ప్రాసెసర్‌కు అదనపు చాకిరీ.

ఆఫీసు డెస్క్‌టాప్ ఊరికే ఉన్నా ఇంచుమించు 50 వాట్లు, మానిటర్ మరో 25 వాట్లు తీసుకుంటాయనుకుందాం. సాయంత్రం 6కు వదిలేసి మర్నాడు 10కి వస్తే ఆ 16 గంటల్లో 1.2 యూనిట్లు వృథా. అదే స్లీప్‌లో, అంటే తెరిచిన పని చెదరకుండా కంప్యూటర్‌ను నిద్రపుచ్చే స్థితిలో పెడితే రెండు మూడు వాట్లతో సరిపోతుంది.

విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, పవర్‌లోకి వెళ్తే తెర ఆరడానికి, స్లీప్‌కు విడివిడిగా నిమిషాలు పెట్టుకోవచ్చు. తెరకు 5, స్లీప్‌కు 15 చాలు. అంతవరకూ ఆగడమెందుకనుకుంటే విండోస్ కీ, ఎక్స్ కలిపి నొక్కి, తర్వాత యు, ఎస్ నొక్కండి.

అయితే స్లీప్‌లో ర్యామ్‌కు, అంటే నడుస్తున్న పనిని దాచుకునే తాత్కాలిక మెమరీకి, కరెంటు అందుతూనే ఉండాలి. యూపీఎస్ లేనిచోట కరెంటు పోతే సేవ్ చేయని ఫైలు గల్లంతే. అందుకే రాత్రిళ్లకు హైబర్నేట్ మేలు. ర్యామ్‌లో ఉన్నదంతా డిస్క్‌లోకి రాసి మెషిన్ ఆగిపోతుంది, ఆపై ప్లగ్గు పీకినా నష్టం లేదు. పవర్ మెనూలో ఆ ఆప్షన్ కనబడకపోతే కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో, పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే చోట టిక్ పెట్టాలి.

‘పెట్టాం, అయినా నిద్రపోదు’ అన్నది అందరూ చేసే ఫిర్యాదు. దానికి మందు ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌ను (ఆదేశాలు టైప్ చేసే కిటికీని) అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ‘powercfg /requests’ కొడితే అడ్డుపడుతున్న ప్రోగ్రామ్ పేరు బయటపడుతుంది. చాలాసార్లు అది బ్రౌజర్‌లో ఎవరో ఆపకుండా వదిలేసిన వీడియోనే. నిద్రపోయాక దానంతటదే లేస్తుంటే ‘powercfg /lastwake’ లేపిందెవరో చెబుతుంది. బల్ల కాస్త అదిరితే మౌస్ కదిలి లేవడం మామూలే. డివైస్ మేనేజర్‌లో మౌస్ ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో కంప్యూటర్‌ను లేపే అనుమతికి ఉన్న టిక్ తీసేయండి. కీబోర్డుది మాత్రం ఉంచాలి, లేకపోతే ప్రతిసారీ పవర్ బటన్ నొక్కాల్సిందే.

ఇంటి నుంచి రిమోట్‌గా లాగిన్ అయ్యేవాళ్లకు మాత్రం ఇది నప్పదు. నిద్రపోయిన మెషిన్ కనెక్షన్ ఇవ్వదు. అలాంటిచోట స్లీప్ మాని, తెర ఒక్కటే ఆరేలా పెట్టుకోవాలి.

– కంప్యూటర్ల నిర్వహణ చూసే ఒక పాఠకుడు