బుజ్జికి, నీ దెయ్యాల పుస్తకం అట్ట గురించి

విజయవాడ,
అక్టోబర్ 12

బుజ్జీ,

నువ్వు పంపిన ముఖచిత్రం ఫోనులో చూస్తే నాకు తృప్తి కలగలేదు. వీధి చివర జిరాక్స్ షాపులో రంగుల్లో తీయించి, గోడకు ఆనించి, నాలుగడుగులు వెనక్కి వెళ్లి చూశాను. 30 ఏళ్లు ప్రెస్సులో పనిచేసినవాడికి ఈ అలవాటు పోదు. అట్టను కొట్టులో తాడుకు వేలాడుతున్నట్టు దూరం నుంచే చూడాలి. మీ అమ్మ వచ్చి పక్కన నిలబడి, "మన దిష్టి గుమ్మడికాయకు అమెరికాలో ఉద్యోగం దొరికిందే!" అని నవ్వింది.

హాలోవీన్‌కు, అదే మీ అమెరికా దెయ్యాల పండుగకు, నువ్వూ నీ స్నేహితులూ కలిసి 16 పేజీల పుస్తకం వేయడం, అందులో సగం కవితలు, సగం బొమ్మల కథలు ఉండటం నాకు బాగా నచ్చింది. ఆ రాత్రి పిల్లలకు చాక్లెట్లతో పాటు ఒక్కో ప్రతి ఇస్తామన్నావు. చాక్లెట్ల కంటే అదే మేలు, పళ్లు పుచ్చవు. అట్ట గురించి మాత్రం ఒక మాట చెప్పాలి. నువ్వు అడగలేదు, అయినా చెబుతాను.

చందమామలో శంకర్ గారు గీసిన విక్రమార్కుణ్ణి కార్బన్ కాగితం పెట్టి దించుకున్న రోజుల నుంచీ నీ గీత నాకు తెలుసు. గీతకు వంక పెట్టను. అయితే ఆ ఒక్క అట్ట మీద చంద్రుడు, మంత్రగత్తె, గబ్బిలాలు, పుర్రె, నల్లపిల్లి, గుమ్మడికాయ అన్నీ ఎక్కి కూర్చున్నాయి. తిరునాళ్లలో దెయ్యాల కొట్టు పెట్టినట్టుంది. భయం మాత్రం ఎక్కడా కనబడలేదు.

పోయినసారి వచ్చినప్పుడు విలియం గేన్స్ సంగతి నువ్వే నాకు చెప్పావు. కామిక్స్ పిల్లలను చెడగొడుతున్నాయా అని విచారిస్తున్న అమెరికా సెనేట్ ఉపసంఘం ముందు 1954 ఏప్రిల్‌లో ఆ కామిక్స్ ప్రచురణకర్త కూర్చున్నాడు. ఒక చేతిలో నెత్తుటి గొడ్డలి, మరో చేతిలో ఆడమనిషి తెగిన తల పట్టుకున్న మనిషి బొమ్మ ఉన్న అట్టను సెనేటర్ కెఫావర్ పైకెత్తి చూపించి, ఇది మంచి అభిరుచేనా అని అడిగాడు. భయానక కామిక్స్ అట్టకు మంచి అభిరుచేనన్నాడు గేన్స్. ఆ తలను ఇంకాస్త పైకి పట్టుకుని, మెడ నుంచి రక్తం కారడం కనబడేలా గీసి ఉంటే అప్పుడు చెడ్డ అభిరుచి అయ్యేదన్నాడు. ఆ జవాబు ఆయన్ను గట్టెక్కించలేదు. ఆ ఏడాదే ప్రచురణకర్తలు తమకు తామే ఒక నియమావళి పెట్టుకున్నారు. పుస్తకం పేరులో 'హారర్' అన్న మాటే ఉండకూడదన్నారు, రక్తపిశాచాలనూ నడిచే శవాలనూ నిషేధించారు. ఆ పట్టు సడలడానికి 1971 దాకా పట్టింది. ఆ అట్ట మా ప్రెస్సుకు వస్తే నేనూ వేసేవాణ్ణి కాదేమో. అయినా గేన్స్ అన్నది పనివాడి మాటే. అట్ట మీద భయమంతా కాగితం అంచు ఎక్కడ కోశామన్న దాంట్లోనే ఉంటుంది.

నా అనుభవం ఒకటి చెబుతాను. ఒక డిటెక్టివ్ నవల అట్ట నలుపు, పసుపు, ఎరుపు బ్లాకులతో, అంటే రంగుకో అచ్చు పలకతో, వేస్తున్నాం. కిటికీలో ఒక ఆడమనిషి ముఖం. పెదవులు ఎరుపు బ్లాకులో ఉన్నాయి. రాత్రి షిఫ్టులో నిద్రమత్తులో ఎరుపు పడని కట్ట ఒకటి పూర్తయిన కట్టల్లో కలిపేశాను. తెల్లారి చూస్తే 200 అట్టల మీద ఆ ముఖానికి నోరు లేదు. కళ్లు మాత్రం మనవైపే చూస్తున్నాయి. యజమాని నన్ను తిట్టిన తిట్లు నీకు రాయకూడదు. కాగితాలు సర్దే కుర్రవాడు మాత్రం ఆ రాత్రి ఆ గదిలోకి ఒంటరిగా వెళ్లనన్నాడు. ఎర్రటి పెదవులున్న అట్టలు అంతకుముందు రోజంతా మోశాడు, వాటికి భయపడలేదు.

కవిత్వమైనా అంతే. నువ్వున్న బాల్టిమోర్‌లోనే 1849 అక్టోబర్ 7న పోయాడు అమెరికా కవి ఎడ్గార్ ఎలన్ పో. ఆయన 1845లో అచ్చువేసిన 'ద రేవెన్' కవితలో ఒక బొంతకాకి గదిలోకి వచ్చి తలుపు పైనున్న శిల్పం మీద వాలుతుంది. గోళ్లతో రక్కదు, ముక్కుతో పొడవదు. ఏది అడిగినా ఒకే ఒక్క మాట పలుకుతుంది. ఆ కాకి పేరునే మీ ఊరి ఫుట్‌బాల్ జట్టుకు పెట్టుకున్నారని నువ్వు చెబితే ముందు నేను నమ్మలేదు.

మనకూ అలాంటి కవిత ఒకటి ఉంది, నాలుగే మాటలు. "ఓ స్త్రీ రేపు రా." ఆ పుకారు మా ఊరికి పాకినప్పుడు మీ నాయనమ్మ నా చేతికి సుద్దముక్క ఇచ్చి తలుపు మీద రాయమంది. దెయ్యం రాత్రి వచ్చి చదువుకుని వెళ్లిపోతుందట, మర్నాడు వచ్చి మళ్లీ అదే చదువుకుంటుందట. అక్షరం ముక్క రాని మా అమ్మ దెయ్యానికి చదువొచ్చని నమ్మింది! వీధిలో ఏ తలుపు మీదా దెయ్యం బొమ్మ లేదు. ఆ నాలుగు మాటలే. అయినా పొద్దుగూకితే ఎవరూ గడప దాటేవారు కాదు.

కాబట్టి గబ్బిలాలను తీసెయ్యి. పుర్రెనూ పిల్లినీ లోపలి పేజీల్లోకి పంపు. నీ బొమ్మలో ఎడమవైపు మూలన, సగం తెరిచిన తలుపు చిన్నగా గీశావు చూడు, దాన్ని అట్టంతా వచ్చేలా పెద్దది చెయ్యి. గుమ్మడికాయ దీపం తలుపుకు అవతల పెట్టు. కాయ కనబడకూడదు, నేల మీద పడిన పసుపు వెలుగు చాలు. ఆ వెలుగులో ఏదైనా నీడ గీయాలా వద్దా అన్నది నీ ఇష్టం. నేనైతే గీయను.

అచ్చుకు పంపే ముందు బొమ్మను చుట్టూ 3 మిల్లీమీటర్లు అదనంగా పొడిగించు, కట్టింగులో పోతుంది. లోపలి అక్షరాలకు నలుపు ఒక్కటే వాడు. అచ్చుకు వాడే నాలుగు రంగులూ కలిపితే సన్నటి అక్షరాలు అలుక్కుపోతాయి.

రెండు ప్రతులు పంపు. ఒకటి నాకు, ఒకటి మీ అమ్మకు. తలుపు బొమ్మే ఖాయమైతే తన ప్రతిని అట్ట కిందికి తిప్పి పెట్టుకుంటానని ఇప్పుడే చెప్పేసింది.

ఆశీస్సులతో,
నాన్న