టేకు స్తంభాలు అడుగుల లెక్కన అమ్మేశాం

సంపాదకుల వారికి నమస్కారం,

మొన్న ఆదివారం మీరు వేసిన పాత ఇళ్ళ ఫోటోలు చూశాక రాయకుండా ఉండలేకపోయా. మాది గుంటూరు బ్రాడీపేట. పోయినేడు మా అబ్బాయి దగ్గర ఆస్ట్రేలియా బ్రిస్బేన్‌లో మూడు నెలలున్నా, వాళ్ళు అద్దెకుండేది 1920ల్లో కట్టిన చెక్క బంగ్లా, గోడలు కూడా చెక్కే, మొదటిరోజు రాత్రి లేచి నడుస్తుంటే నేల కిర్రుమంటా ఉంది, ఇదేం కొంపరా, చెద పట్టదా అన్నా. పొద్దున్నే ఇంటి కిందికి తీసుకెళ్ళి చూపించాడు. ఇల్లు మొత్తం పొట్టి మొద్దుల మీద నిలబడుంది, ఒక్కో మొద్దు నెత్తిన బోర్లించిన పళ్ళెంలాగా రేకు టోపీ. చెద ఆ రేకుని తొలచలేదు, పైకెక్కాలంటే అంచు చుట్టూ తిరిగి మట్టిగూడు కట్టుకుంటా పోవాలి, అట్టా కట్టిందా కంటికి దొరికిపోద్ది. అంటే ఆ రేకు చెదని ఆపేదానికంటే పట్టిచ్చేదానికి అన్నమాట.

అంతకుముందు అక్కడ కప్పులు ఎక్కువ నాలుగు పక్కలా వాలి ఉండేవంట, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత కాలిఫోర్నియా ఫ్యాషన్ వచ్చి, ముందువైపు త్రికోణం, వెడల్పు చూరు, తక్కువ వాలు. బంగ్లా అనే పేరు మాత్రం మన దగ్గర్నుంచి పోయిందే, బెంగాల్ ఇళ్ళని చూసి ఇంగ్లీషోళ్ళు పట్టుకుపోయిన మాట. ఇంకోటి, ఆ ఊళ్ళో పాత పేటల్లో 1946లో గానీ అంతకుముందు గానీ కట్టిన ఇల్లయితే పర్మిషన్ లేకుండా పడగొట్టటానికి లేదు, సొంతిల్లయినా సరే.

మా తాతగారి ఇల్లూ ఆ కాలందే. మండువా ఇల్లు, బర్మా టేకు. 1937లో విడదీసేదాకా బర్మా బ్రిటిష్ ఇండియాలోనే ఉంది, మన కోస్తా జనం స్టీమరెక్కి రంగూన్ కూలికి పోయేవాళ్ళు, అదే సముద్రం మీద టేకు ఇటు వచ్చేది. 1942లో రంగూన్ జపాన్ వాళ్ళ చేతిలో పడ్డాక ఆ దారి తెగింది.

ఆ ఇంటిని నాలుగేళ్ళ కిందట డెవలప్‌మెంటుకిచ్చాం, ఎవర్నో అనేదేముంది, సంతకం పెట్టింది నేనే. స్తంభాలు, దూలాలు పాత కలప కొనేవాళ్ళు అడుగుల లెక్కన పట్టుకుపోయారు. విప్పేటప్పుడు ముసలి వడ్రంగి ఒకాయన పిలిచి చూపించాడు, స్తంభం తల మీద ఉలితో మూడు గాట్లు, ఒక అడ్డగీత, దాని మీద కూర్చునే దూలం చివరా సరిగ్గా అవే. కింద కోసుకుని గుర్తులు పెట్టుకుని పైన జతచేశారు బాబూ, ఎక్కడా ఇనపమేకు లేదు చూడండి అన్నాడు. అన్నేళ్ళు ఆ ఇంట్లో ఉండి మాలో ఒక్కడూ తలెత్తి చూడలా.

పడగొట్టొద్దు అని నేననను, అమ్ముకునేవాళ్ళ అవసరాలు వాళ్ళవి. కానీ ఇలాంటి ఇంటి జాగాలో కొత్త ప్లాను పాస్ చేసేముందు పాతింటి కొలతలు, ఫోటోలు, ఒక డ్రాయింగూ ఫైల్లో పెట్టమని కార్పొరేషన్ వాళ్ళు అడిగితే ఏం పోద్ది? విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉండనే ఉంది, ఆ పిల్లలు అరండల్‌పేటలోనూ వన్‌టౌన్‌లోనూ టేపు పట్టుకుని తిరిగితే వాళ్ళకీ చదువే.

ఒక్క స్తంభం అమ్మకుండా ఆపా. మా అపార్ట్‌మెంట్ పార్కింగులో మూలన ఉంది, గాట్లు బాగానే కనపడతాయి. కొలుచుకుంటామని ఎవరన్నా వస్తే పైకి పంపమని వాచ్‌మన్‌కి చెప్పి ఉంచా.

— ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు