జంతువుల కథలకు తోడు నిలిచిన మీకు నమస్కారాలు

పిల్లల కోసం రాసిన నా జంతువుల కథల పుస్తకం అచ్చయి వచ్చింది. అట్ట మీద నా పేరొక్కటే ఉంది. లోపల ఎవరెవరి శ్రమ ఉందో నలుగురికీ తెలియాలని ఇది రాస్తున్నాను.

ఉద్యోగమంతా జిల్లా పరిషత్ హైస్కూళ్లలో తెలుగు పండిట్‌గా చేశాను. రిటైరయ్యాక పిల్లలకు కథలు రాయాలనిపించింది. తిరుపతి పిల్లలకు సింహం తెలుసు, జిరాఫీ తెలుసు. మేడ ఎక్కితే కనబడే శేషాచలం కొండల్లోని దేవాంగపిల్లి (పేరులో పిల్లి ఉన్నా కోతులకు దూరపు చుట్టం), బంగారు బల్లి మాత్రం చాలామందికి తెలియవు. ఆ లోటు నన్ను బాగా బాధపెట్టింది.

మొదటి నమస్కారం పలమనేరు వైపు ఏనుగుల ట్రాకర్‌గా పనిచేసిన అన్నకు. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు ఇటు వచ్చాయనీ, 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడిందనీ ఎక్కడైనా చదువుకోవచ్చు. మందను నడిపించేది పెద్ద వయసు ఆడ ఏనుగు అని, నీళ్లుండే చోట్లు దానికి గుర్తుంటాయని ఆయన నోట వింటుంటేనే నాకు కథ దొరికింది. "ఇంట్లో అవ్వ మాట ఎట్లనో, మందలో దాని మాట అట్ల, అయ్యోరా" అన్నాడు. కథలో దాని పేరు అవ్వే. ఏనుగులు తొక్కేసిన చెరకు తోట, ఆ రైతు ఏడుపు కూడా కథలో ఉండాలని పట్టుబట్టింది ఆయనే. పిల్లలకు అవెందుకని కొందరు అన్నారు. అవి లేకుంటే ఆ కథకు విలువే లేదని నా నమ్మకం.

కాలేజీలో జువాలజీ చెప్పే నా పాత విద్యార్థిని ప్రతి కథనూ ఓపికగా చదివింది. దేవాంగపిల్లి తల్లి రాత్రిపూట పిల్లను కొమ్మ మీద వదిలి పురుగుల వేటకు పోతుందని చెప్పింది ఆమే. బంగారు బల్లులు చాలా కలిసి ఒకే రాతి సందులో గుడ్లు అతికిస్తాయని కూడా ఆమె చెబితేనే తెలిసింది. తల్లీ, నువ్వు నాకు పాఠం చెప్పిన రోజులు ఎంత సంతోషమిచ్చాయో!

సాయంత్రాలు మిద్దె మీద పిల్లలను కూర్చోబెట్టి, బొరుగులు పెట్టి, నాతో కథలు చదివించిన మా వీధి అమ్మాయికి కృతజ్ఞతలు. దేవాంగపిల్లి కథ సగంలో ఉండగానే ఒక పాప "వాళ్లమ్మ తిరిగొస్తుందా తాతా?" అని గట్టిగా అడిగింది. తల్లి తిరిగొచ్చే ఘట్టాన్ని ఆ రాత్రే ఇంకో రెండు పేజీలు పెంచాను.

దేవాంగపిల్లికి తోక కనబడదని చెప్పగానే విసుక్కోకుండా బొమ్మ మళ్లీ గీసిన తమ్ముడికి, డీటీపీ చేసినవారికి, అచ్చు ఖర్చు పంచుకున్న నా విద్యార్థులకు రుణపడి ఉన్నాను.

తర్వాతి కథ పుంగనూరు ఆవు మీద. ఇంట్లో ఆ ఆవును సాకుతున్నవాళ్లెవరైనా ఉంటే ఒక్క మాట చెప్పండి. నేనే వచ్చి చూసి, మీతో మాట్లాడి రాసుకుంటాను.