కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక: ఇంట్లో గింజ, వీధిలో నీడ

సభ్యులందరికీ నమస్కారం.

చందాలు, బోరు మోటారు రిపేరు, వీధిలైట్ల లెక్కలు నోటీసు బోర్డు మీద ఉన్నాయి. కోశాధికారి గారు సమావేశంలో చదివి వినిపిస్తారు. ఈ ఏడాది మనం ఎక్కువ మనసు పెట్టింది మొక్కల మీద కాబట్టి, ఈ నివేదికా వాటి గురించే.

మహబూబ్‌నగర్‌లో నీడ కావాల్సింది ఏప్రిల్, మే నెలల్లో. టేకు లాంటివి సరిగ్గా అప్పుడే మోడుగా నిలబడతాయి. అందుకే ఏడాదంతా పచ్చగా ఉండే నేరేడు, పొగడ ఎంచుకున్నాం. వేపనూ కలుపుకున్నాం. ఎండలు మొదలయ్యేటప్పుడు ఆకు రాల్చినా ఉగాదికల్లా చిగురేసి పూతకొస్తుంది.

మొక్కలు కొనకుండా ఇంట్లోనే గింజ వేద్దామన్నది మహిళా సభ్యుల ఆలోచన. చాలా మంచి ఆలోచన. నేరేడు గింజను చింతగింజలా డబ్బాలో దాచుకోలేం. తడి ఆరితే మొలకెత్తే శక్తి పోతుంది. పండు తిన్న రోజే గుజ్జు కడిగేసి నాటాలి. రెండు మూడు వారాల్లో మొలక కనిపిస్తుంది. ఒక్క గింజకే రెండు మూడు మొలకలు రావడం చూసి పిల్లలు ఎంత సంబరపడ్డారో! వాటిలో బలమైనదాన్నే ఉంచాలి. వేప గింజ కూడా ఎక్కువ కాలం ఆగదు. రాలిన పండ్లు ఏరి, గుజ్జు తీసి, నీడలో ఆరబెట్టి వెంటనే వేసేయాలి.

ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒకటి, బాగా మాగిన పశువుల ఎరువు ఒకటి కలిపాం. కొందరు పాల ప్యాకెట్లు వాడారు. నేరేడు తల్లివేరు త్వరగా అడుగుకు చేరి చుట్టుకుపోతుంది కాబట్టి పొడవాటి నర్సరీ కవర్లే మేలు.

ముసురు పట్టినప్పుడు కొన్ని ఇళ్లలో మొలకలు మొదలు దగ్గర కుళ్లి ఒరిగిపోయాయి. వాన పడుతున్నా అలవాటు కొద్దీ రోజూ నీళ్లు పోయడం వల్లే ఇలా అయింది. మేడ మీద పెంచిన ఒక పెద్దమ్మ మొలకలు మాత్రం ఒక్కటీ పోలేదు. ఆమె కవర్లను ఇటుకల మీద నిలబెట్టి, కింద నీళ్లు నిలవకుండా చూసుకున్నారు. పైమట్టి వేలికి పొడిగా తగిలితేనే నీళ్లు పోశారు. ఈసారి అందరం అలాగే చేద్దాం.

మన నేలలో చెదల బెడద ఎక్కువ. 2018లో మన ఊరి దగ్గరున్న వందల ఏళ్ల మర్రిచెట్టు పిల్లలమర్రికే చెదలు పడితే సెలైన్ సీసాలతో మందు ఎక్కించాల్సి వచ్చింది. నాటే గుంతల్లో పిడికెడు వేపపిండి కలపండి.

తొలకరి పడేదాకా ఎవరూ మొక్కలు నేలలో పెట్టవద్దు. సెలవులకు ఊరెళ్లేవాళ్లు వాటిని సంఘం వరండాలో దింపి వెళ్లండి. గ్రీన్ నెట్ కట్టించాం, నీళ్లు మేం పోస్తాం.

ఇట్లు,
కార్యదర్శి